గవర్నర్ జీతం ఆగదు, బడి పైసలెందుకు ఆగుతయి?

(నల్లగొండలో విద్యార్థులు, ఉపాధ్యాయులు, ఉద్యోగులు కలిసి పెట్టుకున్న సభలో ఒక జర్నలిస్టు చేసిన ప్రసంగ పాఠం)



నన్ను విద్యాహక్కు మీద మాట్లాడమని పిలిచిన్రు. హక్కు గురించి చెప్పెటోళ్లు నాకంటే పెద్దోళ్లు ఇక్కడ చాలామంది ఉన్నరు. నేను పైసల గురించి చెప్త. బడికి పైసలు ఇయ్యాల్సిన బాధ్యత ఎవరిది, అది ఎక్కడ రాసి ఉన్నది, రాసి లేకపోతే ఎక్కడ రాయాలె అన్నది ఇయ్యాల నా ముచ్చట.

నాది పాత పాలమూరు జిల్లా, నల్లమల అంచున ఒక ఊరు. 1990లలో మా ప్రాథమిక బడిలో ఐదు తరగతులకు రెండు గదులు, ఒక్క సారు. ఒక గది కురిసేది. అందుకని వానకాలమంతా ఐదు తరగతులు ఒక్క గదిలోనే. సుద్దముక్కలు అయిపోతే సారు మమ్ములను కిరాణం దుకాణానికి పంపేటోడు. ఖాతా సారు పేరు మీదనే, జీతం వచ్చినంక కట్టేటోడు. బడికి రావాల్సిన గ్రాంటు ఎప్పుడొస్తదో మాకు తెల్వదు, ఆయనకూ తెల్వదు. మా నాయన అప్పుడు పుణెలో మేస్త్రీ కింద పనిచేస్తున్నడు. ఊళ్లె సగం మంది పిల్లలు దసరా దాటినంక అమ్మానాయనల వెంబడి పోయేటోళ్లు. ఉగాదికి తిరిగొచ్చేసరికి రిజిస్టర్‌లో వాళ్ల పేర్ల మీద ఎర్ర గీత ఉండేది. నా పేరు మిగిలిందంటే మా నాయనమ్మ ఊళ్లె ఉన్నది కాబట్టి మిగిలింది, అంతే.

ఆ సారును నేను ఏమీ అనను. జేబులో పైసలు పెట్టి బడి నడిపిండు. కాని ఆ సుద్దముక్క పైసలు ఇయ్యాల్సింది ఎవరు? ఇయ్యకపోతే మా నాయనమ్మ ఏ కాగితం పట్టుకొని ఎవరిని అడగాలె? ఇరవై ఏండ్లు చదివి, పత్రికలో పనిచేసి, ఉద్యమంలో లాఠీ దెబ్బలు తిని, నేను వెతికిన కాగితం అదే. వెతికితే ఏం దొరికిందో చెప్త.

కొట్టేసిన ఒక్క మాట

రాజ్యాంగం రాసేటప్పుడు ముసాయిదాలో 36వ అధికరణం ఉండె. ప్రతి పౌరునికి ఉచిత ప్రాథమిక విద్య పొందే హక్కు ఉన్నదని అది మొదలయ్యేది. 1948 నవంబర్ 23 నాడు రాజ్యాంగ సభలో లక్ష్మీకాంత మైత్ర అనే సభ్యుడు లేచి ఆ హక్కు మాటను తీసేయమని సవరణ పెట్టిండు. ఆదేశిక సూత్రాల అధ్యాయంలో హక్కు అనే మాట ఇమడదని ఆయన వాదం. అంబేద్కర్ ఆ సవరణకు ఒప్పుకున్నడు. అదే రోజు ఇంకో సభ్యుడు పద్నాలుగేండ్ల వయసును ప్రాథమిక విద్య దాకా తగ్గించమంటే మాత్రం అంబేద్కర్ ఒప్పుకోలే. పద్నాలుగేండ్ల లోపు పిల్లలను ఫ్యాక్టరీలో పెట్టుకోవద్దని ఇంకో అధికరణంలో రాస్తున్నం, ఫ్యాక్టరీలో లేని పిల్లగాడు బడిలో ఉండాలె కదా అన్నది ఆయన లెక్క. ఆ లెక్క నాకు చాలా ఇష్టం. కాని హక్కు మాట మాత్రం పోయింది. మిగిలింది 45వ అధికరణం. రాజ్యాంగం అమల్లోకి వచ్చిన పదేండ్లలో పద్నాలుగేండ్ల దాకా పిల్లలందరికి ఉచిత, నిర్బంధ విద్య ఇయ్యడానికి రాజ్యం ప్రయత్నించాలె అని. పదేండ్లంటే 1960. రాజ్యాంగం అంతటిలో తేదీ గడువు పెట్టిన ఆదేశిక సూత్రం ఇదొక్కటే. గడువు దాటినంక ఎవ్వర్నీ ఎవ్వరూ అడగలే. "ప్రయత్నించాలె" అన్న మాటకు కోర్టులో విలువ లేదు.

హక్కు తిరిగి రావడానికి నలభై అయిదేండ్లు పట్టింది. 1993లో ఉన్నికృష్ణన్ కేసు. మెడికల్, ఇంజనీరింగ్ కాలేజీల డొనేషన్ల లొల్లి అది. ఆంధ్రప్రదేశ్ రాష్ట్రమే ప్రతివాది. జస్టిస్ బి.పి. జీవన్ రెడ్డి రాసిన తీర్పులో పద్నాలుగేండ్ల దాకా చదువు ప్రాథమిక హక్కే అన్నరు. పద్నాలుగు దాటినంక మాత్రం రాజ్యానికున్న ఆర్థిక స్తోమత మేరకు అన్నరు. దాని మీదికెల్లి 2002లో 86వ సవరణ వచ్చింది. 21-ఎ అధికరణం పుట్టింది. 2009లో విద్యాహక్కు చట్టం, 2010 ఏప్రిల్ 1 నుంచి అమలు.

ఇక్కడ జర ఆగి చూడాలె. అదే 86వ సవరణ ఇంకో పని కూడ చేసింది. ప్రాథమిక విధుల జాబితాలో 51-ఎ(కె) అని ఒక లైన్ కలిపింది. ఆరు నుంచి పద్నాలుగేండ్ల పిల్లలకు చదువుకునే అవకాశం కల్పించడం తల్లిదండ్రుల విధి అని. పుణెలో ఇటుకలు మోసే మా నాయన మీద విధి రాసిన్రు. సర్కారు మీద రూపాయి ఎంత, ఎప్పుడు, ఏ పద్దు కింద అన్నది రాయలే. చట్టం ఎట్ల చేస్తే అట్ల ఇస్తమని 21-ఎ అన్నది. చట్టం ఏం చెప్పిందో చూస్తే ఏడో సెక్షన్‌లో నిధుల బాధ్యత కేంద్రానిది, రాష్ట్రానిది ఉమ్మడి అన్నది. తర్వాత అదే సెక్షన్ అయిదో క్లాజ్‌లో కేంద్రం ఇచ్చింది చూసుకొని, తన ఇతర వనరులను చూసుకొని, చివరికి రాష్ట్రమే పైసలు పెట్టాలె అన్నది. ఇద్దరి బాధ్యత అంటే ఎవరిది కాదని మన ఊళ్లె ముసలమ్మను అడిగినా చెప్తది. కేంద్రం వాటా సర్వశిక్షా అభియాన్ మొదట్ల 85 శాతం ఉండె, తర్వాత 75 అయింది, 2010 నుంచి 65, 2015 నుంచి 60. ఎవ్వరి అనుమతి అడగకుండనే తగ్గుకుంట వచ్చింది.

మనకు సీట్లు రాసిచ్చిన్రు, బడి రాయలే

ఇప్పుడు మన దగ్గరికి వద్దం. 1956 ఫిబ్రవరి 20 నాటి పెద్దమనుషుల ఒప్పందం గురించి ఈ సభలో చెప్పాల్సిన పనిలేదు. తెలంగాణ మిగులు ఆదాయం తెలంగాణకే ఖర్చు పెట్టాలె, ఇక్కడి విద్యా సౌకర్యాలు ఇక్కడి విద్యార్థులకే ఉండాలె, వాటిని ఇంకా పెంచాలె అన్నరు. 1958లో ప్రాంతీయ సంఘం ఏర్పడితే దాని కిందికి వచ్చిన విషయాల్లో ప్రాథమిక, మాధ్యమిక విద్య కూడ ఉన్నది. అంటే మన బడుల మీద మన శాసనసభ్యులకు ఒక కన్ను ఉండేటట్టు ఏర్పాటు చేసిన్రు. కాని సంఘం సలహా చెప్పాలె, పైసల తాళం వేరేటోళ్ల దగ్గర ఉండాలె. 1969లో పిల్లలు రోడ్ల మీదికి వచ్చినంక లెక్కలు తీస్తే లలిత్ కుమార్ కమిటీ 34 కోట్ల మిగులు అన్నది. భార్గవ కమిటీ 28 కోట్లకు పైన అన్నది. ఆ కాలపు కోట్లు అవి. అందులో ఎన్ని బడి గదులు పోయినయో లెక్క మీరే కట్టుకోండ్రి.

1973లో ఆరు సూత్రాల పథకం, 32వ సవరణ, 371-డి. ప్రాంతీయ సంఘం రద్దయింది. 371-డి ఏమంటది? రాష్ట్రంలోని వేర్వేరు ప్రాంతాల ప్రజలకు ప్రభుత్వ ఉద్యోగాల్లో, విద్యలో సమాన అవకాశాలు, సౌకర్యాలు కల్పించాలె అంటది. దాని కింద 1974లో అడ్మిషన్ల ఉత్తర్వు, 1975లో ఉద్యోగాల ఉత్తర్వు వచ్చినయి. 85 శాతం సీట్లు స్థానికులకు. మనం అరవై ఏండ్లు కొట్లాడింది ఈ ఉత్తర్వుల కోసమే, 610 జీవో కోసమే, గిర్‌గ్లానీ లెక్కల కోసమే. తప్పు అంటలేను. నేనూ కొట్లాడిన. కాని ఉస్మానియాలో సీటు కావాలంటే ముందు అయిదో తరగతి దాటాలె కదా. 2001 జనాభా లెక్కల్లో మహబూబ్‌నగర్ జిల్లా అక్షరాస్యత 44 శాతం. 2011లో 55. రెండు సార్లూ ఇరవై మూడు జిల్లాల్లో అట్టడుగు. నల్లగొండ 57 నుంచి 64కు వచ్చింది. ఆ ఇరవై మూడు జిల్లాలు ఇప్పుడు లేవు, మన రెండు జిల్లాలే ఎనిమిది ముక్కలయినయి. కాని అప్పుడు అక్షరం రానోళ్లు ఇప్పుడు తల్లులు, తండ్రులు.

371-డిలో పైసల మాట లేదు. అదే రాజ్యాంగంలో పక్క అధికరణాలు చూడండ్రి. 371(2)లో విదర్భకు, మరాఠ్వాడకు అభివృద్ధి నిధులను న్యాయంగా పంచాలె అని రాసి ఉన్నది. మరాఠ్వాడ మనతోటి నిజాం రాజ్యంలో ఉన్నదే. ఇంకొకటి మనకు ఇంకా దగ్గర. మక్తల్ నుంచి కృష్ణ దాటితే రాయచూరు. నారాయణపేట అవతల యాద్గిర్. వాళ్లకు 2012లో 98వ సవరణతోటి 371-జె వచ్చింది. అభివృద్ధి మండలి, నిధుల న్యాయమైన పంపకం, విద్యలో ఉద్యోగాల్లో వాటా, మూడూ ఉన్నయి. ఆ పైసలు అక్కడ అద్భుతంగా ఖర్చయితున్నయని నేను చెప్పను. కాని పాత హైదరాబాద్ సంస్థానం మూడు ముక్కలయితే, రెండు ముక్కలకు నిధుల మాట రాజ్యాంగంలో ఎక్కింది. మనకు ఎక్కలే. 2014లో రాష్ట్ర పునర్విభజన చట్టంలో 97వ సెక్షన్ కింద 371-డిలోకి తెలంగాణ పేరు కూడ చేర్చిన్రు. పేరు చేర్చిన్రు, మాట మార్చలే.

చట్టం వేరు, పథకం వేరు

రాష్ట్రం వచ్చినంక ఏమైంది అని మీరు అడుగుతరు. అడగాలె. 2022 మార్చి 8 నాడు మన వనపర్తిలోనే "మన ఊరు - మన బడి" మొదలుపెట్టిన్రు. 26,065 బడులు, మూడేండ్లు, 7,289 కోట్లు అన్నరు. నేను ఆ సభకు రిపోర్టర్‌గా పోయిన. నిజం చెప్పాలంటే నాకు సంతోషమయింది. అనుకున్న మూడేండ్లు నిండక ముందే 2023 డిసెంబర్‌లో ప్రభుత్వం మారింది. 2024లో బడుల బాగుచేత అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీల పేరు మీదికి మారింది. అదే ఏడు సర్కారు బడులకు ఉచిత కరెంటు అని జీవో ఇచ్చిన్రు. మంచిదే. జీవోతోటి వచ్చింది జీవోతోటి పోవచ్చు కూడ.

పైసలు చూద్దం. 2024-25 బడ్జెట్ మొత్తం 2,91,159 కోట్లు. అందులో విద్యాశాఖకు, బడి నుంచి యూనివర్సిటీ దాకా, 21,292 కోట్లు. నూటికి 7.3. 2025-26లో 3,04,965 కోట్లకు 23,108 కోట్లు. నూటికి 7.6. ఒక మాట న్యాయంగా చెప్పాలె. సంక్షేమ శాఖల కింద ఉన్న గురుకులాల ఖర్చు ఎక్కువ భాగం వేరే పద్దుల్లో ఉంటది, అది కలిపితే ఇది కొంత పెరుగుతది. అయినా 2023 ఎన్నికల్లో ఇప్పటి అధికార పార్టీ మేనిఫెస్టోలో పెట్టిన 15 శాతానికి అది శానా దూరం. అంతకు ముందటి ప్రభుత్వం కేజీ టు పీజీ అన్నది. నేను ఏ పార్టీని తిట్టడానికి రాలే. రెండు పార్టీలకూ ఒకటే సౌలతు ఉన్నది. ఇయ్యకపోతే ఏమీ కాదు.

ఇప్పుడు అసలు ముచ్చట. బడ్జెట్ పుస్తకం చూసినోళ్లకు తెలుసు, ప్రతి పద్దు పక్కన రెండు గడులు ఉంటయి. ఒకటి ఓటెడ్, ఒకటి చార్జ్‌డ్. ఓటెడ్ అంటే శాసనసభ ఓటేసి ఇయ్యాలె. చార్జ్‌డ్ అంటే రాజ్యాంగమే సంచిత నిధి మీద పెట్టిన భారం. దానికి ఓటు లేదు, ఆపుడు లేదు. 202వ అధికరణం మూడో క్లాజ్‌లో ఆ జాబితా ఉన్నది. గవర్నర్ జీతభత్యాలు. స్పీకర్, డిప్యూటీ స్పీకర్ జీతాలు. హైకోర్టు జడ్జీల జీతాలు. కోర్టు తీర్పు ప్రకారం కట్టాల్సిన పైసలు. రాష్ట్రం తెచ్చిన అప్పుల వడ్డీ, కిస్తీలు. ఖజానాలో రూపాయి లేకున్నా ఇవి ముందు పోవాలె. ట్రెజరీలో పనిచేసే అన్నలు ఇక్కడ ఉన్నరు, నేను తప్పు చెప్తే ఆపండ్రి. అప్పిచ్చినోనికి రాజ్యాంగం ఇంత భరోసా ఇచ్చింది. మూడో తరగతి పిల్లకు ఇయ్యలే.

కాని ఆ జాబితా అక్కడితో అయిపోలే. చివర్న ఎఫ్ అని ఒక గుర్తు ఉన్నది. ఈ రాజ్యాంగం గాని, రాష్ట్ర శాసనసభ చట్టం ద్వారా గాని చార్జ్‌డ్ అని ప్రకటించే ఇతర ఖర్చు ఏదైనా అని. శాసనసభ చట్టం ద్వారా! ఢిల్లీకి పోవాల్సిన పని లేదు. పార్లమెంటులో మూడింట రెండొంతుల మెజారిటీ అక్కర లేదు. ఈ హైదరాబాద్ అసెంబ్లీలో ఒక బిల్లు పెట్టి, బడి కనీస ఖర్చు సంచిత నిధి మీద చార్జ్‌డ్ అని రాసుకోవచ్చు. నేను ఈ లైన్ చదివిన రోజు రాత్రి నిద్ర పట్టలే. ఇన్నేండ్లు మనం 371-డి పట్టుకొని తిరిగినం, 202 ఎవ్వరూ తిప్పి చూడలే.

అంకె రాసినోళ్లు, మాట రాసినోళ్లు

ఇది కొత్త పిచ్చి కాదు. మన దేశంలో రాష్ట్రాలకు సొంత రాజ్యాంగాలు లేవు. జమ్మూకశ్మీర్‌కు ఉండె, 2019 దాకా. దానిలో యూనివర్సిటీ దాకా ఉచిత విద్య అని రాసుకున్నరు. అమెరికాలో మాత్రం ప్రతి రాష్ట్రానికి రాజ్యాంగం ఉన్నది, బడి బాధ్యత దానిలోనే ఉంటది. వాషింగ్టన్ రాష్ట్రం చూడండ్రి. సియాటెల్, రెడ్‌మండ్ ఉన్నది అక్కడనే. మన నల్లగొండ, మిర్యాలగూడ పిల్లలు మైక్రోసాఫ్ట్‌లో పనిచేసుకుంట పిల్లలను పంపే బడులు అవి. అక్కడ ఫీజు లేని సర్కారు బడికి పంపడానికి ఎవ్వరూ సిగ్గుపడరు. 1889 నాటి వాళ్ల రాజ్యాంగంలో పిల్లలందరి చదువుకు పుష్కలంగా ఏర్పాటు చేయడం రాష్ట్రానికి అన్నిటికంటే పెద్ద బాధ్యత అని రాసి ఉన్నది. 2007లో రెండు కుటుంబాలు కోర్టుకు పోయినయి. 2012లో రాష్ట్ర సుప్రీంకోర్టు, మీరు బాధ్యత తప్పిన్రు అని మెక్‌క్లియరీ తీర్పు ఇచ్చింది. 2014లో కోర్టు ధిక్కారం కింద పట్టుకున్నది. 2015 ఆగస్టు నుంచి రోజుకు లక్ష డాలర్ల జుర్మానా వేసింది. ఎవ్వరి మీద? ప్రభుత్వం మీద. 2018లో పైసలు పూర్తిగా పెట్టినంకనే కేసు మూసింది.

ఫ్లోరిడా సంగతి వేరే తీరు. అక్కడ 1998లో ఓటర్లే ఓటేసి రాజ్యాంగం సవరించుకున్నరు. చదువుకు తగినంత ఏర్పాటు చేయడం రాష్ట్రానికి పరమ బాధ్యత, బడులు సమర్థంగా, భద్రంగా, ఉన్నత నాణ్యతతో ఉండాలె అని మస్తు మాటలు రాసిన్రు. తల్లిదండ్రులు కోర్టుకు పోతే 2019లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు నలుగురికి ముగ్గురు తేడాతోటి కేసు కొట్టేసింది. నాణ్యత అంటే ఎంత, సమర్థం అంటే ఎంత, కొలత ఎక్కడున్నది, మేము కొలవలేం అన్నది. బ్రెజిల్ మాత్రం 1988లో కొత్త రాజ్యాంగం రాసుకున్నప్పుడు అంకెనే రాసింది. పన్నుల ఆదాయంలో కేంద్రం నూటికి 18, రాష్ట్రాలు, మున్సిపాలిటీలు నూటికి 25 తగ్గకుండ చదువుకు పెట్టాలె అని. తర్వాత ఖర్చుల మీద సీలింగ్ పెట్టి కేంద్రం వాటాను కొన్నేండ్లు నొక్కిన్రు కూడ. నొక్కడానికి వాళ్లు మళ్లీ రాజ్యాంగమే సవరించాల్సి వచ్చింది, దేశమంతా చూస్తుండంగ.

అంత దూరం ఎందుకు, మన బడి అన్నం గంజు చూడండ్రి. 2001 నవంబర్ 28 నాడు సుప్రీంకోర్టు ప్రతి ప్రాథమిక బడి పిల్లకు కనీసం 300 కేలరీలు, 8 నుంచి 12 గ్రాముల ప్రొటీన్, ఏడాదికి కనీసం 200 రోజులు వండిన అన్నం పెట్టాలె అన్నది. 2003 జనవరి నుంచి మన దగ్గర పొయ్యి అంటుకున్నది. వంట చేసే అక్కలకు బిల్లులు ఆలస్యమయితయి, గుడ్డు ఒక వారం వస్తది ఒక వారం రాదు, అన్నీ నిజమే. కాని పొయ్యి ఆరలే. ఎన్ని ప్రభుత్వాలు మారినా ఆరలే. ఎందుకంటే గ్రాములు రాసి ఉన్నయి. అదే సుప్రీంకోర్టు 2012లో బడులల్ల మరుగుదొడ్లు, మంచినీళ్లు ఆరు నెలల్లో పెట్టాలె అన్నది. దానికి ఇంత పైసలని ఎవ్వరూ రాయలే. తర్వాత తెలుగు రాష్ట్రాల బడుల మీద ధిక్కారం కేసు నడిచింది. మర్రిగూడ, మునుగోడు దిక్కు ఫ్లోరైడ్ నీళ్లు తాగి పండ్లు గారపట్టిన పిల్లలను చూసినోళ్లకు బడిలో మంచినీళ్లంటే ఏందో నేను చెప్పాల్నా?

ఏం రాయాలె

వట్టి శాతం రాస్తే చాలదు. శాతమంటే ఆఫీసుల కార్లు, కొత్త భవనాలు అన్నీ దాంట్లో కలిపి లెక్క చూపెడతరు. విద్యాహక్కు చట్టం వెనక ఒక షెడ్యూల్ ఉన్నది. అరవై మంది పిల్లలకు ఇద్దరు టీచర్లు, తొంభై దాకా ముగ్గురు. ఆడపిల్లలకు, మగపిల్లలకు వేర్వేరు మరుగుదొడ్లు. తాగునీళ్లు, ప్రహరీ, ఆటస్థలం, లైబ్రరీ. ప్రాథమిక బడికి 200 పనిదినాలు, ఆ పైన 220. ఇది రాసి ఉన్న కొలత. ఈ కొలతకు ఒక్కో బడికి ఏడాదికి ఎంత అయితదో లెక్క కట్టాలె, ఆ లెక్కను ప్రతి బడి గోడ మీద రాయాలె, అసెంబ్లీ చట్టం చేసి దాన్ని చార్జ్‌డ్ ఖర్చు చేయాలె.

నేనైతే మొదట జీతాలు గాక మిగిలిన ఖర్చుతో మొదలుపెట్టమంటా. జీతాలు ఎట్లైనా వస్తయి, ఆలస్యమయితే సంఘాలు ఊకోవు. నలిగిపోయేది మిగిలిందే. ఊడ్చే అక్క కూలి, నీళ్ల మోటరు, కురిసే కప్పు, సుద్దముక్క. సమగ్ర శిక్ష నిబంధనల్లో ముప్పై మంది లోపు పిల్లలున్న బడికి ఏడాది గ్రాంటు పదివేలు. దేవరకొండ దిక్కు తండాలల్ల అట్లాంటి బడులు ఎన్ని! నెలకు ఎనిమిది వందల ముప్పై రూపాయల్లో సారు బడి నడపాలె. ఈ ఖర్చు రాష్ట్ర బడ్జెట్‌కు పెద్ద బరువు కాదు, అప్పుల వడ్డీ పక్కన పెట్టి చూస్తే ఇంకా చిన్నగ కనబడతది.

అభ్యంతరాలు ఉంటయి. చార్జ్‌డ్ చేస్తే శాసనసభకు ఓటు పోతది, ప్రజాస్వామ్యం తగ్గుతది అంటరు. 203వ అధికరణంలోనే ఓటు లేకున్నా చర్చ చేయొచ్చని ఉన్నది. చర్చ కావాలె మనకు కూడ. ఇయ్యాల చేసిన చట్టాన్ని రేపు వచ్చే అసెంబ్లీ మామూలు మెజారిటీతో తీసేయదా అంటరు. తీసేయొచ్చు. అందుకే దాని వెంబడి ఒక తీర్మానం కూడ కావాలె. 21-ఎలో నిధుల బాధ్యత, 371-డిలో బడి నిధుల న్యాయమైన పంపకం చేర్చమని పార్లమెంటును అడిగే తీర్మానం. ఆ రెండోది రావడానికి ఎన్నేండ్లు పట్టినా, మొదటిది మన చేతిలో ఉన్నది. మూడో అభ్యంతరం నాకు కూడ బరువైనది. పిల్లలే లేని బడికి పైసలెందుకు అని. ప్రైవేటు బస్సు ఊళ్లెకు వచ్చి పిల్లలను ఎక్కించుకొని పోతున్నది, నిజమే. దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. పైసలు పెట్టినంత మాత్రాన సారు చదువు చెప్తడని కూడ నేను అనను. కాని కిలోమీటరు లోపల బడి ఉండాలని రాష్ట్ర నిబంధనల్లో ఉన్నది, బస్సుకు ఫీజు కట్టలేని ఇల్లు ప్రతి తండాలో ఉన్నది. ఆ ఇంటి పిల్ల ఒక్కతే ఉన్నా సరే ఆమె లెక్క రాయాలె.

చట్టంలో అంకె రాస్తే ఏమైతదో మనకు అనుభవం ఉన్నది. 2013లో ఉమ్మడి రాష్ట్రంలో ఎస్సీ, ఎస్టీ సబ్‌ప్లాన్ చట్టం వచ్చింది. జనాభా నిష్పత్తిలో నిధులు. 2017లో తెలంగాణ దాన్ని ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టంగా మార్చి, ఖర్చు కాని పైసలు వచ్చే ఏడుకు పోవాలె అని రాసింది. కేటాయించింది అంతా ఖర్చు కాలేదని దళిత సంఘాలు ప్రతి బడ్జెట్‌కు కొట్లాడుతయి. కొట్లాడడానికి వాళ్ల చేతిలో కాగితం ఉన్నది. బడికి ఆ కాగితం కూడ లేదు.

ఇక చివరి ముచ్చట, ఇది నాకు నేను చెప్పుకునేది కూడ. 2011 సకల జనుల సమ్మె. నలభై రెండు రోజులు. అప్పుడు నేను ఇదే నల్లగొండలో డిగ్రీ విద్యార్థిని. టీచర్లు సమ్మెకు దిగిన్రు, మేము ఊరూరు తిరిగి బడి గేట్లకు తాళాలు వేసినం. ప్రైవేటు బడుల్లో కొన్ని సెలవుల్లో క్లాసులు పెట్టుకొని సిలబస్ పూర్తి చేసుకున్నయి. సర్కారు బడి పిల్లల రోజులు పోయినయి. ఒక ఊళ్లె గేటు దగ్గర ఒక తల్లి నన్ను అడిగింది, "బిడ్డా, తెలంగాణ వస్తే మా పోరగాళ్ల బడి మంచిగైతదా?" అని. అయితది అమ్మా అన్న. తాళం వేసిన చేయి ఇదే. ఆ పిల్లగాడు ఇప్పుడు ఇరవై అయిదేండ్ల పైబడి ఉంటడు. వాని పిల్లలు అదే బడికి పోయే వయసుకు వస్తున్నరు.

అందుకని ఒక పని పెట్టుకుందం. విద్యార్థులు ఒక్కొక్కరు ఒక్క బడికి పోండ్రి. మీ ఊరి బడికే. షెడ్యూల్ పట్టుకొని ఏం ఉన్నది, ఏం లేదు రాసుకొని రాండ్రి. సార్లు, మీరు మీ జేబులోంచి పోయిన ఏడు ఎంత పెట్టిన్రో రాసియ్యండ్రి, పేరు రాయకున్నా ఫరవాలేదు. మన రెండు పాత జిల్లాల ఎమ్మెల్యేలకు ఆ కాగితాలు ఇచ్చి 202(3)(ఎఫ్) కింద బిల్లు పెడతరా లేదా అని అడుగుదం. బిల్లు ముసాయిదా రాయడానికి వకీళ్లు కావాలె, మన నల్లగొండ బార్‌లో ఉన్నరు, నేను పోయి అడుగుత. లెక్క కట్టడానికి మాత్రం నాకు రాదు. బడి ఖర్చులో ఏది చార్జ్‌డ్ కిందికి తేవచ్చు, ఏది తేలేం అన్నది ట్రెజరీలో, పే అండ్ అకౌంట్స్‌లో పనిచేసిన అన్నలే చెప్పాలె. నేను కూసుంటున్న, మైకు వాళ్లకు ఇయ్యండ్రి.